బయటి గోడకు వేయు రంగు

ధ్యాన భాగములు: లేవీయకాండము 14:33–53, యిర్మీయా 22:13–17, మత్తయి 23:25–28



వానలు వెనుకపట్టి, చలిగాలి మొదలై, పొలములలో వరికోతలు సాగు దినములలో మన గ్రామములలో ప్రతి యింటను ఒక మాట వినబడును: ఈ యేడు గోడలకు ఏమి వేయింతుము? మనకు క్రిస్మసు దగ్గరపడును. మన పొరుగువారికి సంక్రాంతి దగ్గరపడును. ఒకే మాసములో మనమును వారును గోడలు దులిపి, అరుగులు అలికి, సున్నమో రంగో వేయుదుము. ఇది మంచి వాడుక. ఇంటిని శుభ్రముగా ఉంచుకొనుట దేవుని బిడ్డలకు తగిన పనియే.

ఇంతటి చిన్న సంగతిని దేవుని మందిరములో మాటలాడ నేల అని యెవరైన అడుగవచ్చును. అయితే లేఖనములను త్రిప్పి చూడుడి. గోడకు పూసిన సున్నమును గూర్చి ద్వితీయోపదేశకాండములో నున్నది, యెహెజ్కేలులో నున్నది. గోడకు పట్టిన తెగులును గూర్చి లేవీయకాండములో ఒక దీర్ఘమైన ధర్మమే యున్నది. ఇంటికి ఎఱ్ఱరంగు వేయించిన ఒక రాజును గూర్చి యిర్మీయా ప్రవక్త మాటలాడెను. మన ప్రభువు సున్నము వేసిన సమాధులను చూపి బోధించెను. పౌలు సయితము ప్రధానయాజకుని సున్నపు గోడతో పోల్చెను (అపొస్తలుల కార్యములు 23:3). కాబట్టి దేవుడు మన బయటి గోడను చూడక దాటిపోవువాడు కాడు. ఆయన దానిని చూచును. దాని వెనుక నున్నదానిని కూడ చూచును.

1. ఉప్పు పట్టిన గోడ

భావనపాడు మన శ్రీకాకుళం జిల్లాలో సంతబొమ్మాళి మండలమందు సముద్రపుటొడ్డున నున్న గ్రామము. ఒక ప్రక్క సముద్రము. కొంత దూరమున నౌపడ ఉప్పు మళ్లు. అట్టి చోట కాపురముండువారికి ఉప్పును గూర్చి యెవరును బోధింప నక్కరలేదు. అది గాలిలో నున్నది, నేలలో నున్నది, బావినీటిలోనికి కూడ వచ్చును. మనము కట్టిన గోడలోనికి అది అడుగకయే ప్రవేశించును.

అది యెట్లు పని చేయునో ఆలోచింపుడి. నేలలోని చెమ్మ పునాది గుండ గోడలోనికి ప్రాకును. ఆ చెమ్మతో ఉప్పు కూడ పైకి వచ్చును. కడుగని సముద్రపు ఇసుకతో గోడ పూసిన యెడల ఉప్పు మొదటినుండియు దానిలోనే యుండును. ఎండకు నీరు ఆరిపోవును గాని ఉప్పు ఆరిపోదు. అది పూత వెనుక పలుకులు పలుకులుగా గట్టిపడి, పెరిగి, పైపూతను బయటికి నెట్టును. మొదట గోడ పొక్కును, పిమ్మట పెచ్చులూడును, చేతితో తడిమిన తెల్లని పొడి రాలును. గుల్లసున్నమైన యెడల లోపలి చెమ్మను కొంతవరకు బయటికి పోనిచ్చును. గట్టి నూనెరంగు వేసిన యెడల అది చెమ్మను లోపలనే మూసివేయును. అప్పుడు గోడ పైకి నిగనిగలాడుచు లోపల మరి త్వరగా చెడిపోవును.

ఈ సంగతి మన సున్నము వేయు పెద్దలకు బాగుగా తెలియును. ఇంటి యజమాని వారిని అడుగు మాటయు, వారిచ్చు జవాబును మన వీధులలో ఏటేట వినబడునవే.

"ఏటి మావయ్యా, పోయినేడే కదా రంగేయించినాను? అప్పుడే పెచ్చులూడిపోతందేటి?"

"రంగు తప్పేటి నేదురా అల్లుడూ. గోడలో ఉప్పుండిపోనాది. అది తియ్యకుండ మీద ఎన్ని పూతలేసినా ఇంతే."

ప్రియులారా, ఆ పెద్దాయన చెప్పిన జవాబు లేవీయకాండము 14వ అధ్యాయములోని ధర్మమునకు ఎంత దగ్గరగా నున్నదో చూడుడి. ఇంటి గోడమీద పచ్చగానో ఎఱ్ఱగానో గుంటలు పడి, అవి గోడ లోనికి దిగినట్లు కనబడిన యెడల ఏమి చేయవలెనో దేవుడు మోషేకును అహరోనునకును సెలవిచ్చెను. వాటిమీద సున్నము పూసి మరుగుచేయుమని ఆయన చెప్పలేదు. యాజకుడు వచ్చి చూడవలెను. ఇల్లు ఏడు దినములు మూసి యుంచవలెను. తెగులు వ్యాపించిన యెడల ఆ రాళ్లను ఊడదీసి ఊరి వెలుపల పారవేయవలెను. గోడల లోపలితట్టు అంతయు గీకివేయవలెను. వేరే రాళ్లు పెట్టి, వేరే అడుసుతో పూయవలెను. పూత చిట్టచివర వచ్చునది. చూచుట, వేచియుండుట, ఊడదీయుట, గీకుట, క్రొత్త రాయి పెట్టుట, అటుపిమ్మటనే పూయుట: ఇది దేవుడు నియమించిన క్రమము. ఇంత చేసిన తరువాతను తెగులు మరల కనబడిన యెడల ఆ యింటిని పడగొట్టవలసినదే.

ఈ ధర్మములో రెండు సంగతులు నా మనస్సును మిక్కిలి తాకినవి. మొదటిది, తన యింటిలో తెగులువంటిది కనబడుచున్నదని యాజకునికి తెలియజేయవలసినవాడు ఆ యింటి యజమానుడే (35వ వచనము). యాజకుడు వీధివెంట తిరుగుచు ఎవరి గోడ చెడినదో వెదకడు. పొరుగువాడు పోయి కొండెము చెప్పడు. యజమానుడే తన కాళ్లతో నడచిపోయి తన నోటితో చెప్పుకొనును. రెండవది, యాజకుడు చూడకమునుపే ఇంటిలోని సామానంతయు బయటికి తీయించవలెను (36వ వచనము). ఎందుకనగా, యాజకుడు ఇల్లు అపవిత్రమని చెప్పిన పిమ్మట అందులోని సామాను కూడ అపవిత్రమగును. పేదవాని కుండయు చాపయు పోకుండునట్లు దేవుడు ముందుగానే దారి చూపెను. గోడను గీకించు దేవుడు కనికరము లేనివాడు కాడు.

మన కుటుంబములలో ఉప్పు పట్టిన గోడలు లేవా? అన్నదమ్ములు పదేండ్లుగా మాటలాడుకొనరు. అయినను క్రిస్మసునాడు ఇద్దరి గోడలును తెల్లగా నుండును. ఇంటి యజమానుడు రాత్రి త్రాగి వచ్చి భార్యను కొట్టును. అయినను ఆ యింటి గుమ్మముమీద ప్రభువు నామము అందమైన అక్షరములతో వ్రాయబడి యుండును. ఇట్టి వానిమీద మనము ప్రతి సంవత్సరము క్రొత్త పూత వేయుచున్నాము. క్రొత్త బట్టలు ఒక పూత. పండుగ పాటలు ఒక పూత. బల్లలో పాలుపొందుట సయితము కొందరికి ఒక పూతగా నున్నదేమో యని భయపడుచున్నాను. ఉప్పు లోపలనే యున్నది. యజమానుడు మన నిత్య ప్రధానయాజకుడైన యేసునొద్దకు తానే పోయి, నా యింటిలో ఏదో చెడినది, వచ్చి చూడుము, అని చెప్పునంతవరకు అది లోపలనే యుండును.

2. తెల్లని సున్నము

సున్నమునందు స్వతః దోషము లేదు. గవ్వలను, ఆల్చిప్పలను బట్టీలో కాల్చి, నీళ్లు పోసి విరియించి, మన పెద్దలు గుల్లసున్నము చేసికొనిరి. నీరు పోయగానే అది ఉడుకుచు పొగలు గ్రక్కును. పలుచగా కలిపి, కొంచెము జిగురును నీలిమందును చేర్చి, మొగలి ఊడనో తాటిమట్టనో నలుగగొట్టిన కుంచెతో గోడకు వేయుదురు. వేసినప్పుడు అది నీళ్లవలె వెలవెలబోయి యుండును. గాలి తగిలి ఆరుకొలది తెల్లబడును. గాలిలోని బొగ్గుపులుసు వాయువును మెల్లగా తీసికొని అది మరల రాయివలె గట్టిపడును. నిప్పులో కాలి, నీటిలో విరిసి, గాలిలో గట్టిపడిన ఆ తెలుపు సృష్టికర్త యిచ్చిన మంచి వరములలో నొకటి.

ద్వితీయోపదేశకాండము 27వ అధ్యాయములో ఇశ్రాయేలీయులు యొర్దాను దాటిన పిమ్మట ఏబాలు కొండమీద గొప్ప రాళ్లను నిలువబెట్టి, వాటికి సున్నము పూసి, ధర్మశాస్త్ర వాక్యములను వాటిమీద స్పష్టముగా వ్రాయవలెనని ఆజ్ఞ కలదు. సున్నము అక్కడ సత్యమును అందరు చదువునట్లు నిలువబెట్టెను. మరుగుచేయుటకు వాడిన సున్నమును గూర్చియే దేవుడు కోపించును.

యెహెజ్కేలు 13వ అధ్యాయము చదువుడి. జనులు బలము లేని గోడ కట్టుదురు. అబద్ధ ప్రవక్తలు వచ్చి, ఇది గోడ కాదు, పడిపోవును అని హెచ్చరింపక, దానికి సున్నము పూయుదురు. క్షేమము లేని కాలమున క్షేమమే యున్నదని పలుకుదురు. దేవుడు వానను, వడగండ్లను, తుపానును పంపునప్పుడు ఆ గోడ కూలి, దాని పునాది బయటపడును. అప్పుడు జనులు ఆ పూత యేమాయెనని అడుగుదురు.

ఈ మాట మన తీరమువారికి విప్పి చెప్ప నక్కరలేదు. 2018వ సంవత్సరము అక్టోబరు 11వ తేదీన తెల్లవారుజామున తిత్లీ తుపాను మన జిల్లాలో పలాసకు సమీపమున తీరము దాటెను. గంటకు 140 మొదలు 150 కిలోమీటర్ల వేగముతో గాలి వీచెను. ఉద్దానములో కొబ్బరిచెట్లు, జీడిమామిడి తోటలు విస్తారముగా నేలకొరిగెను. అట్టి గాలి గోడ రంగేమిటని అడుగదు. పునాది యెంత లోతు, కప్పు ఎట్లు కట్టబడెను, గోడకు గోడ పట్టు ఉన్నదా, ఇవే అడుగును. తుపాను ఒక యింటిని కూల్చినంత మాత్రాన ఆ యింటివారు పాపులని మనము చెప్పకూడదు. సిలోయము గోపురము పడి చచ్చినవారిని గూర్చి ప్రభువే అట్టి తలంపును ఖండించెను (లూకా 13:4). అయితే గాలి వచ్చు దినమున పూత మనలను కాపాడదను సంగతి మాత్రము మనము నేర్చుకొనవలెను.

ప్రభువు చెప్పిన సున్నపు సమాధులను గూర్చి ఒక మాట. యూదులు పస్కాకు ముందు మాసములో, అనగా అదారు మాసము 15వ దినమునుండి, సమాధులకు గురుతు వేయుదురని వారి పూర్వగ్రంథమైన మిష్నా తెలుపుచున్నది. సున్నము నీళ్లు పోసి వాటిని తెల్లగా కనబడునట్లు చేయుదురు. పండుగకు వచ్చు యాత్రికులు తెలియక సమాధిని ముట్టి అపవిత్రులు కాకుండునట్లు ఆ పని చేసిరి. అనగా ఆ తెలుపు, దగ్గరకు రావద్దని చెప్పు హెచ్చరిక. ఎంత భయంకరమైన పోలిక! శాస్త్రులును పరిసయ్యులును తమ బయటి నీతిని జనులు చూచి దగ్గరకు రావలెననుకొనిరి. ఆ తెలుపే వారిని చూచి తొలగిపొమ్మని చెప్పుచున్నదని ప్రభువు చూపెను. మన సంఘములలోని కొందరి భక్తిని చూచి అన్యులు దగ్గరకు వచ్చుచున్నారా, తొలగిపోవుచున్నారా? ఎవరికి వారు పరీక్షించుకొందము.

3. ఎఱ్ఱరంగు వేయించిన రాజు

యోషీయా కుమారుడైన యెహోయాకీము కాలము యూదా దేశమునకు కష్టకాలము. ఐగుప్తు రాజైన ఫరో నెకో అతనిని సింహాసనమెక్కించి, నూరు తలాంతుల వెండిని ఒక తలాంతు బంగారమును పన్ను విధించెను. యెహోయాకీము దానిని దేశ జనులయొద్ద వసూలు చేసి చెల్లించెను (2 రాజులు 23:33–35). జనులు ఇట్లు పిండబడుచున్న దినములలోనే అతడు తనకొరకు విశాలమైన మేడగదులతో నగరు కట్టించుకొనెను. కిటికీలు పెద్దవిగా పెట్టించెను. దేవదారు పలకలు కొట్టించెను. ఎఱ్ఱరంగు వేయించెను. పని చేసినవారికి జీతమియ్యలేదు.

యెరూషలేమునకును బేత్లెహేమునకును నడుమ రామత్ రాహేలు అను చోట యోహానాన్ అహరోని అను పండితుడు 1954లో మొదలుపెట్టి 1962 వరకు పలు విడతలుగా త్రవ్వకములు జరిపెను. అక్కడ యూదా రాజుల కాలపు నగరొకటి బయటపడెను. కిటికీలకు అమర్చిన చిన్న రాతి స్తంభములు దొరికెను. వాటిమీద ఎఱ్ఱరంగు జాడలుండెను. అది యెహోయాకీము నగరేయని కొందరు పండితులు తలంచిరి, అందరును ఒప్పుకొనలేదు. అది ఎవరిదైనను, ఆనాటి నగరు కిటికీలకు ఎఱ్ఱరంగు వేసిరన్నది మాత్రము మట్టిలోనుండి సాక్ష్యమిచ్చుచున్నది. రాజులు పోయిరి. రాజ్యము పోయెను. రాతిమీద రంగు మరక మిగిలెను. జీతము ఎగగొట్టిన పాపము దేవుని గ్రంథములో మిగిలెను.

యిర్మీయా ఆ రాజునకు అతని తండ్రిని గురుతు చేసెను. యోషీయా అన్నపానములు లేక కృశించినవాడు కాడు. అతడును భుజించెను, త్రాగెను. అయితే దీనుల వ్యాజ్యెము న్యాయముగా తీర్చెను. దేవుని ఎరుగుటయనగా అదియే అని ప్రవక్త చెప్పుచున్నాడు. దేవదారు పలకలలో పోటీపడినంత మాత్రాన నీవు రాజవగుదువా అని అడుగుచున్నాడు. ప్రియులారా, ఇది రాజులకు మాత్రమే చెప్పిన మాటయా? నిచ్చెనమీద నిలిచి మన గోడకు రంగు వేసిన మనుష్యునికి సాయంత్రము కూలి ఇయ్యక, "పండగెల్లిపోనీ, అప్పుడు చూద్దారి" అని పంపివేయు ప్రతివానికిని చెప్పినది. పేద కూలివాని జీతము ప్రొద్దు గ్రుంకక మునుపే ఇయ్యవలెనని ధర్మశాస్త్రము (ద్వితీయోపదేశకాండము 24:14–15). బిగపట్టిన కూలి మొఱ్ఱపెట్టుననియు, అది దేవుని చెవిని చేరుననియు యాకోబు వ్రాసెను (5:4). క్రైస్తవుని యింటి గోడలు దేవుని స్తుతింపవలెను. కూలివాని మొఱ్ఱ ఆ స్తుతిని మ్రింగివేయును.

దీనికి సమీపమైనది మరియొకటి కలదు: అప్పు చేసి రంగు వేయించుట. వడ్డీ లెక్క అందరికిని తెలిసినదే గాని ఒకసారి వేసి చూతము. పదివేల రూపాయలు నూటికి నెలకు మూడు రూపాయల వడ్డీకి తెచ్చిన యెడల నెలకు మూడువందలు, సంవత్సరమునకు మూడువేల ఆరువందలు. అసలు తరుగదు. మన తూర్పు తీరమున ఏప్రిలు 15 మొదలు జూన్ 14 వరకు 61 దినములు మరపడవలతో వేటకు పోరాదను నిషేధము కలదు. చేపలు గ్రుడ్లు పెట్టి పెరుగుటకు అది మంచిదే. అయితే ఆ రెండు నెలలు వేటగాని చేతిలో డబ్బాడదు. వడ్డీ మాత్రము వేటకు సెలవు తీసికొనదు. వచ్చు క్రిస్మసునాటికి రంగు వెలియును, అప్పు వెలియదు. పొరుగువాని గోడకన్న మన గోడ వెలవెలబోవునను సిగ్గు ఒక్కటే ఆ అప్పునకు కారణమైన యెడల, ఆ సిగ్గును ప్రభువు పాదములయొద్ద పెట్టి, ఈ యేటికి సున్నముతో సరిపెట్టుకొనుడి. అందులో అవమానమేమియు లేదు.

4. గుడారపు పైకప్పు

ఇంత విని, బయటి గోడను అట్లే వదలివేయుట భక్తి యని యెవరును తలంచవద్దు. గిన్నె లోపలితట్టు మొదట శుభ్రము చేయుమని ప్రభువు పరిసయ్యునితో చెప్పినప్పుడు, బయటితట్టును శుభ్రమగునట్లు ఆ మాట చెప్పెను (మత్తయి 23:26). బయటిది అక్కరలేదనలేదు. ముందు వెనుకలను సరిచేసెను.

దేవుడు తన నివాసమునకు ఎట్టి బయటి గోడను కోరెనో మీరెప్పుడైన గమనించితిరా? నిర్గమకాండము 26వ అధ్యాయములో ప్రత్యక్షపు గుడారము లోపలితట్టున నీల ధూమ్ర రక్తవర్ణములుగల సన్నని నార తెరలుండెను, కెరూబుల చిత్రపు పని యుండెను, బంగారపు పలకలుండెను. దానిపైన మేకవెండ్రుకల తెరలు, వాటిపైన ఎఱ్ఱరంగు వేసిన పొట్టేళ్ల తోళ్లు, అన్నిటికిని పైన మన తెలుగు బైబిలు సముద్రవత్సలవని చెప్పు తోళ్లు. ఎడారిలో నడచిపోవు పరదేశి దూరమునుండి చూచినప్పుడు వానికి కనబడునది ఆ ముతక తోళ్లే. శ్రేష్ఠమైనదంతయు లోపల నుండెను. బయటిది ఎండకును వానకును దుమ్మునకును కాపుగా నుండెను.

మన బయటి గోడకును ఇదియే మొదటి ఉద్యోగము. అది వాన చినుకును ఉప్పుగాలిని లోపలి బిడ్డలమీద పడనీయక కాపాడవలెను. సున్నము గోడను కాపాడును, గోడ బిడ్డలను కాపాడును. ఈ విధముగా తలంచి రంగు వేయువాడు అతిశయముతో వేయడు, ప్రేమతో వేయును. అట్టివాడు వీధివైపు గోడకు రెండు పూతలు వేసి, వానజల్లు కొట్టు వెనుక గోడను వదలివేయడు. ఎవరికిని కనబడని వెనుక గోడయందే అతని నమ్మకత్వము తెలియును.

5. విడిచిపోవలసిన యిల్లు

ఇంకొక ప్రశ్న మన ప్రాంతమున కొందరి హృదయములను బాధించుచున్నది. రేపు విడిచిపోవలసిన యింటికి రంగు వేయ నేల?

భావనపాడు ఓడరేవని చాలకాలము పిలువబడిన పనికి మూలపేటలో 2023వ సంవత్సరము ఏప్రిలు 19వ తేదీన శంకుస్థాపన జరిగెను. దానికొరకు మూలపేట, విష్ణుచక్రము గ్రామముల కుటుంబములు పాత యిండ్లు విడిచి, నౌపడ దగ్గర ఏర్పరచిన పునరావాస స్థలమునకు పోవలెనని నిర్ణయమాయెను. తాత కట్టిన గోడ, తల్లి అలికిన అరుగు, బిడ్డ పుట్టిన గది విడిచిపోవుట యెంత కష్టమో అనుభవించినవారికే తెలియును. అట్టివారికి తేలికైన ఆదరణ మాటలు చెప్పుట తగదు.

అయితే యిర్మీయా 29వ అధ్యాయములో ఇల్లు పోగొట్టుకొని బబులోనుకు చెరపట్టబడినవారికి దేవుడు ఉత్తరము వ్రాయించెను. అక్కడ మూటలు విప్పక కూర్చుండుమని చెప్పలేదు. ఇండ్లు కట్టుకొని కాపురముండుడి, తోటలు నాటి ఫలము తినుడి, మీరున్న పట్టణముయొక్క క్షేమము కోరి ప్రార్థించుడి అని ఆజ్ఞాపించెను. డెబ్బది సంవత్సరములైన పిమ్మట విడువవలసిన ఇండ్లవి. అయినను కట్టుకొనుమనెను. కాబట్టి క్రొత్త కాలనీలో, ఇంకను మనదని తోచని గోడకు మొదటి సున్నము వేయుట కూడ విశ్వాసపు క్రియయే. దేవుడు ఇక్కడను మాతో నున్నాడని ఆ తెల్లని గోడ చెప్పును.

నిజముగా మనమందరము విడిచిపోవలసినవారమే. ఈ శరీరమను గుడారము విప్పబడునని పౌలు కొరింథీయులకు వ్రాసెను (2 కొరింథీయులకు 5:1). చేతితో కట్టనిది, ఉప్పు పట్టనిది, తుపాను కదల్చలేనిది ఒక నివాసము పరలోకమందు మనకున్నది. ఆ నిరీక్షణ గలవాడు ఈ మట్టియింటిని తృణీకరించడు, దానిని పూజించడు కూడ. అప్పగింపబడినంతకాలము బాగుగా చూచుకొని, పిలుపు వచ్చినప్పుడు తాళపుచెవి సమాధానముతో అప్పగించును.

6. రంగు లేని యిల్లు

కడపటి మాట. క్రిస్మసు రాత్రులలో మన యౌవనస్థులు దీపములు పట్టుకొని యింటింటికి పాటలు పాడుచు పోవుదురు. రంగు వేసి, నక్షత్రము కట్టిన యింటి ముందు నాలుగు పాటలు. ఊరిచివర గోడ కూలిన విధవరాలి గుడిసె ముందు ఒక చరణము, లేక ఏమియు లేదు. ఎవరును కావలెనని ఇట్లు చేయరు. వెలుగున్న చోట కాళ్లు తామే నిలుచును. కాని ఆ చీకటి గుమ్మములో పాటకొరకు మేలుకొని కూర్చున్న ముసలితల్లికి అది ఎట్లుండును? రక్షకుడు పుట్టిన రాత్రి ఆయనను పరుండబెట్టినది పశువుల తొట్టిలో గదా. ఆ చోటికి రంగు వేసినవారెవరు?

కాబట్టి ఈ సంవత్సరము సంఘపెద్దలును యౌవనస్థులును ఒక పని చేయవలెనని ప్రభువు పేరట బ్రతిమాలుచున్నాను. ఎవరి గోడకైనను రంగు వేయకమునుపు, సంఘములోని విధవరాండ్ర యిండ్లు, ముసలివారి యిండ్లు, రోగుల యిండ్లు ఏవేవో మెల్లగా తెలిసికొనుడి. మొదట కప్పు కారుచున్నదేమో చూడుడి. చెడిన పూత గీకి, కడిగిన ఏటి ఇసుకతో సరిచేయుడి, ఆరనిండు. ఆ తరువాత సున్నము వేయుడి. సంఘపు సొమ్ములో అలంకారపు దీపములకు పెట్టుదానిలో సగము దీనికి చాలును. వారి గోడకు వేరే రంగు వేయవద్దు. వీధిలో అందరి గోడలకు వేసినదే వేయుడి, ఇది ధర్మమునకు చేసిన గోడ అని యెవరును వ్రేలు పెట్టి చూపకుండునట్లు. సంఘము పేరు దానిమీద వ్రాయవద్దు. కుడిచేయి చేయునది ఎడమచేతికి తెలియనీయవద్దని గదా మన ప్రభువు నేర్పెను. ఊరిలోని పేద పొరుగువారు మన మందిరమునకు వచ్చువారు కాకున్నను, వారి గోడను కూడ మరువవద్దు.

ఇక మన యింటికి వచ్చెదము. రంగు కొనకమునుపు ఇంటివారందరు ఒక సాయంత్రము కలిసి కూర్చుండి ప్రార్థన చేసి, ఈ నాలుగు సంగతులు అడుగుకొనుడి. మన గోడలో ఉప్పు ఎక్కడ నున్నది? పని చేయువారికి ఆనాటి కూలి చేతిలో నున్నదా? ఈ రంగు అప్పు లేక వచ్చుచున్నదా? మనకన్న ముందు సున్నము కావలసిన గోడ మన వీధిలో నున్నదా? వీటికి దేవుని యెదుట జవాబు చెప్పి, పిమ్మట మీకు నచ్చిన రంగు సంతోషముగా వేయించుకొనుడి. పచ్చరంగైనను నీలిరంగైనను ఆకాశమునకును సముద్రమునకును రంగులు వేసిన దేవుడు దానిని చూచి సంతోషించును.

ప్రార్థన

మా అంతరంగమును ఎరిగిన తండ్రీ, మేము పూతలతో కప్పుకొన్నదానిని నీవు చూచుచున్నావు. మా యింటి తెగులును మేమే వచ్చి నీతో చెప్పుకొనునట్లు మాకు ధైర్యమిమ్ము. చెడిన రాళ్లను ఊడదీయుము. మూలరాయియైన నీ కుమారునిమీద మమ్మును మరల కట్టుము. మా కొరకు చెమటోడ్చినవారి కూలిని బిగపట్టకుండ మా చేతులను కాపాడుము. వెలుగు లేని గుమ్మములయొద్దకు మా పాదములను నడిపించుము. ఇల్లు విడిచినవారికి నీవే ఇల్లుగా నుండుము. మా గోడలు నిలిచియున్నంతకాలము వాటి లోపలను వెలుపలను నీ నామము ఘనపరచబడును గాక. యేసుక్రీస్తు నామమున అడుగుచున్నాము. ఆమేన్.